పార్తీయుల బిళ్ళలు

కూతురు ఎస్తేరు ఆ పెంతెకొస్తు ఆదివారం చర్చిలో నోరు తెరిచి అడగకుండా ఉండి ఉంటే, లైన్‌మన్ ఇమ్మానుయేల్‌కు ఇరాన్ దేశం ఏ దిక్కున ఉందో కూడా తెలిసేది కాదు.

అప్పటికి ఆ పిల్లకు పదకొండేళ్ళు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం గుండెకు పాకి, లోపల ఒక కవాటం ఇరుకైపోయింది. బెంగుళూరు పెద్దాసుపత్రిలో బెలూన్‌తో దాన్ని వెడల్పు చేయించుకుని కళ్యాణదుర్గం తిరిగొచ్చి నెలన్నర అయింది. పరుగెత్తకూడదు, బరువు ఎత్తకూడదు, మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది తప్పకూడదు. పాటల గుంపులో నిలబడితే ఆయాసం వస్తోందని పాస్టరు జాకబ్ అయ్యగారు ఆమెకు వాక్యం చదివే పని ఇచ్చారు. ఆ రోజు చదవాల్సింది పండుగకు యెరూషలేములో చేరిన నానా దేశాల జనం పేర్లు. ఎస్తేరు మొదటి పేరు దగ్గరే ఆగిపోయింది. తలెత్తి, మగవాళ్ళ వరసలో కూర్చున్న తండ్రిని వెతికి పట్టుకుని, చర్చంతా వింటుండగా అడిగింది.

"నాయనా, పార్తీయులంటే ఎవురు?"

జనం ముసిముసిగా నవ్వారు. ఇమ్మానుయేల్ తల దించుకున్నాడు. ఆరాధన అయ్యాక అయ్యగారిని అడిగితే, "ఆ కాలపు మనుషులు లేప్పా" అని దాటేశారు. హైస్కూల్లో సోషల్ చెప్పే సారు మాత్రం కొంచెం చెప్పాడు. "ఇరాన్‌ను ఐదొందల ఏండ్లు ఏలినారు. గుర్రాల మీద పోతా పోతా వెనక్కి తిరిగి బాణం కొట్టేటోళ్ళంట. రోము వాళ్ళకే కొరుకుడుపడలేదు. పాఠంలో రెండు లైన్లు ఉంటాయి, పరీక్షలో రాదు."

పరీక్షలో రాదన్న మాట ఎస్తేరుకు నచ్చింది. ఆ పిల్ల మనసు దాని మీదే నిలిచిపోయింది.

ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్షలకని బెంగుళూరు పోయినప్పుడు, ఆసుపత్రి నుంచి బస్సు ఎక్కే చోటికి నడుస్తుంటే, కళ్ళద్దాల అంగడి పైన మేడ మీద పాత నాణేలు, స్టాంపులు అమ్మబడునని బోర్డు కనిపించింది. ఎస్తేరు ఆగింది. ఆయాసం వల్ల ఆగిందేమోనని ఇమ్మానుయేల్ కంగారుపడ్డాడు.

"ఈడ అడుగుదాం నాయనా. పాత బిళ్ళలు అమ్మేటోళ్ళకు పాతోళ్ళు తెలిసింటారు."

మెట్లు పద్దెనిమిది. మూడుసార్లు ఆగి ఎక్కారు. అంగడి యజమాని పేరు భరత్‌కుమార్. అరవై దాటిన మనిషి, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడాడు. విక్టోరియా రాణి రూపాయలు కావాలా, మొగలాయిలవి కావాలా అని అడిగాడు. ఎస్తేరు పార్తీయులు కావాలంది. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళయింది పాపా నేను అంగడి తెరిచి. నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు."

లోపలి నుంచి ఒక బిస్కట్ల డబ్బా తెచ్చి గాజు బల్ల మీద పాత వెల్వెట్ గుడ్డ పరిచి అందులో ఉన్నవి కుమ్మరించాడు. పాత పావలా బిళ్ళంత ఉన్నాయి ఒక్కొక్కటి. అన్నీ వెండివే, అరిగి నల్లబడినవి. ఒక పక్క గడ్డం రాజు ఎడమ వైపుకు చూస్తూ ఉంటాడు. రెండో పక్క ఒక మనిషి పీట మీద కూర్చుని విల్లు పట్టుకుని ఉంటాడు. రెండువేల ఏళ్ళ కిందటివి. అంత పాతవాటిని తన జీతంతో కొనలేనని ఇమ్మానుయేల్ వెనక్కి తగ్గాడు. ధర చెప్తే నమ్మలేకపోయాడు. వాళ్ళిద్దరి బస్సు ఛార్జీకి కొంచెం ఎక్కువ, అంతే.

"ఇంత తక్కువ ఏంటికి సార్?"

"ఎవరికీ వద్దు వీళ్ళు. మన రాజులు కాదు, రోము రాజులు కాదు. పైగా ప్రతి రాజూ బిళ్ళ మీద ఒకటే పేరు వేయించుకున్నాడు, అర్సాకేస్ అని. ఎవరు ఎవరో తెలుసుకోవాలంటే గడ్డం చూడాలి, జుట్టు చూడాలి, కిరీటం చూడాలి. అంత ఓపిక ఎవరికుంది?"

ఎస్తేరుకు ఉంది. ఆ పిల్లకు దేవుడు ఓపిక తప్ప వేరే దారి ఇవ్వలేదు.

ఆ రోజు ఆమె ఏరుకున్నది అన్నిటికంటే ఎక్కువ అరిగిపోయిన బిళ్ళ. "ఇది శానా మంది చేతుల్లో తిరిగింటాది నాయనా" అంది. బస్సులో హిందూపురం దాటేదాకా దాన్ని పిడికిట్లోనే పెట్టుకుంది.

అలా మొదలైంది. ఆరు నెలలకొకసారి ఆసుపత్రి, ఆసుపత్రి తర్వాత పద్దెనిమిది మెట్లు, మెట్లెక్కితే ఒక బిళ్ళ. డాక్టర్లు ఏం చెప్పినా, మంచి చెప్పినా చెడు చెప్పినా, ఆ బిళ్ళ మాత్రం తప్పేది కాదు. భరత్‌కుమార్ తన పాత కేటలాగు పుస్తకం జిరాక్సు తీసి ఇచ్చాడు. ఎస్తేరు అందులోంచి గ్రీకు అక్షరాలు నేర్చుకుంది. ఇంట్లో వేపచెట్టు నీడన మంచం వేసుకుని, తండ్రి డ్యూటీ దిగి వచ్చేదాకా భూతద్దం పెట్టుకుని చూస్తూ కూర్చునేది. ఇమ్మానుయేల్ స్తంభాలెక్కి మొరటుబారిన చేతులు కడుక్కుని వచ్చి పక్కన చేరితే పాఠం మొదలు.

"ఇదో చూడు. ఈ రాజుకు నుదుటి మీద పులిపిరి ఉండాది. బిళ్ళ చేసినోడు దాన్ని కూడా చెక్కినాడు. రాజు కొట్టకుండా ఎట్ల ఇడిచినాడో."

"కొడుకుకూ ఉండాదే?"

"కొడుకుకూ ఉండాది. అదే వాళ్ళ గుర్తేమో. అవ్వ నుదుటి మీద ఉండె గదా, అట్ల."

ఇంకొకసారి వెనక పక్క రాత చూపించి నవ్వింది. "ఫస్టు ఫస్టు చక్కగా రాసినారు. రాన్రాను చెక్కేటోళ్ళకు అక్షరాలు రాలేదు. ముందు బిళ్ళ చూసి గీతలు గీసినారు. ఇంగ కొన్నాళ్ళకు గీతలే మిగిలినాయి. అయినా యా రాజూ అడగలేదు చూడు."

ఎస్తేరు తల్లి సువార్త ఈ గొడవలో ఎప్పుడూ తలదూర్చలేదు. ఆమె చదువుకోలేదు. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తూ, విత్తనాల కాలంలో వేరుశనక్కాయలు వలిచే పనికి పోయేది. తండ్రీ కూతుళ్ళు తలలు ఆనించుకుని కూర్చుంటే దూరం నుంచి చూసి, "మళ్ళ బూజు బిళ్ళలు తీసినారా ఇద్దరూ" అనేది. అని, ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చేది. ఒక్కో బిళ్ళకు ఒక్కో చిన్న కాగితం కవరు ఎస్తేరే అంటించి, దాని మీద సన్నటి అక్షరాలతో వివరం రాసేది. ఆ కవర్లన్నీ ఒక గాజుల పెట్టెలో ఉండేవి. ఎనిమిదేళ్ళలో పద్నాలుగు బిళ్ళలయ్యాయి.

పోయిన ఏడాది కవాటం మళ్ళీ ఇరుకైందన్నారు. ఈసారి బెలూన్ పనికిరాదు, మార్చాలన్నారు. జులై నెలాఖరుకు ఆపరేషన్ తేదీ ఇచ్చారు. ఆ తేదీ ఇంకా పదకొండు రోజులుందనగా ఎస్తేరుకు జ్వరం వచ్చి, తెల్లవారేసరికి ఊపిరి అందలేదు. అంబులెన్సులో అనంతపురం తీసుకుపోయారు. డాక్టర్లు చేయగలిగింది చేశారు. మధ్యాహ్నం రెండింటికి, ఇమ్మానుయేల్ మందుల చీటీ పట్టుకుని కింద వరసలో నిలబడి ఉండగా, పైన ఆమె ప్రాణం పోయింది. పక్కన సువార్త ఒక్కతే ఉంది. పిల్లకు పందొమ్మిదేళ్ళు.

సమాధి చేసి వచ్చిన మూడో రోజు ఇమ్మానుయేల్ గాజుల పెట్టె తీసుకొచ్చి సువార్త ముందు పెట్టాడు. "ఇది నా కంటికి కనపడనియ్యొద్దు. ఏమన్నా చేసుకో" అన్నాడు. సువార్త మాట్లాడకుండా దాన్ని ట్రంకు పెట్టె అడుగున పెట్టింది.

ఆ రోజు నుంచి అతను చర్చికి పోలేదు. అయ్యగారు రెండుసార్లు ఇంటికి వచ్చారు, ప్రార్థన చేశారు, పోయారు. సువార్త అతన్ని ఇరవై ఏళ్ళుగా "ఎస్తేరు నాయనా" అని పిలిచేది. ఇప్పుడు ఆ పిలుపు నోట్లోంచి రాక, వేరే పిలుపు చేతకాక, "ఇదో, వినపడ్తాందా" అనడం మొదలుపెట్టింది. అన్నం పెడితే తినేవాడు. పెట్టకపోతే అడిగేవాడు కాదు.

మార్చిలో ఒకరోజు బ్రహ్మసముద్రం రోడ్డులో ఒక రైతు బోరు దగ్గర తీగ తెగిందంటే, తోటి లైన్‌మన్ కుళ్ళాయప్పతో కలిసి పోయాడు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించకుండా స్తంభం ఎక్కబోతే తిట్టని మనిషి ఉండడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇమ్మానుయేల్ ఆ తప్పు ఎన్నడూ చేయలేదు. ఆ రోజు చేశాడు. సగం ఎక్కాక కుళ్ళాయప్ప కాలు పట్టుకుని కిందికి గుంజాడు. ఇద్దరూ కంకర మీద పడ్డారు.

"లైన్‌లో కరెంటు ఉండాది గదప్పా" అన్నాడు కుళ్ళాయప్ప.

ఇమ్మానుయేల్ పైకి చూశాడు. దూరంగా గుట్ట మీద గాలిమరలు నిదానంగా తిరుగుతున్నాయి. "మర్చిపోయినా" అన్నాడు. నిజంగా మర్చిపోయాడో లేదో అతనికే తెలియదు.

ఎస్తేరు పోయి ఏడాది కావస్తోంది. ఆ ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ ఆరాధన అనుకున్నారు. ఇంకా నాలుగు రోజులుందనగా, బుధవారం పొద్దున, బెంగుళూరు నుంచి ఫోన్ వచ్చింది.

"ఇమ్మానుయేల్ సార్, నేను భరత్‌కుమార్. ఏడాది దాటింది, మీరు రానే లేదు. పాప బాగుందా?"

ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఇమ్మానుయేల్‌కు తట్టనే లేదు. ఒక మాట అంటే అయిపోయేది. కానీ ఆ గొంతులో ఎస్తేరు ఇంకా బతికే ఉంది. ప్రపంచంలో ఆ ఒక్కచోటే బతికి ఉంది.

"బాగుండాది సార్" అన్నాడు. "డిగ్రీ సదువుతాండాది. కాలేజీకి పోయింది."

"సంతోషం. నాకోసం ఒక పని చేయండి. పులిపిరి రాజుది ఒకటి చాలా మంచిది దొరికింది. తల వెనక చంద్రవంక, ముందు నక్షత్రం రెండూ ఉన్నాయి. పాప దగ్గర ఉన్నదానిలో చంద్రవంక ఒకటే ఉందా, నక్షత్రం కూడా ఉందా? చూసి చెప్పండి. లేకపోతే ఇది ఆమె కోసం పక్కన పెడతాను."

ఫోన్ పెట్టేశాక ఇమ్మానుయేల్ చాలాసేపు గడపలో నిలబడ్డాడు. పులిపిరి రాజు ముఖం ఎలా ఉండేదో గుర్తుచేసుకోబోతే ముందు కూతురి వేలు కనిపించింది, గోటికింద నీలిరంగుతో, బిళ్ళ అంచు మీద. ఏడాదిలో మొదటిసారి ఆ పెట్టె చూడాలనిపించింది. చూడాలనే కాదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలనిపించింది. లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచాడు. చీరలు, దుప్పట్లు, ఆసుపత్రి ఫైళ్ళు అన్నీ తీసి బయట పెట్టాడు. గాజుల పెట్టె దొరికింది. తేలికగా ఉంది. మూత తీస్తే కవర్లున్నాయి. ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కి చూశాడు. అన్నీ ఖాళీ.

సువార్త పెరట్లో చాట ముందు పెట్టుకుని విత్తనం కాయలు వలుస్తోంది.

"పాప బిళ్ళలు యాడుండాయి?"

ఆమె తలెత్తింది. అతని చేతిలో పెట్టె చూసింది. ముఖంలో భయం లేదు. అతను ఆ పెట్టె తనంతట తాను తీశాడని తెలిసి, కళ్ళలో ఏదో వెలిగింది. చాట పక్కన పెట్టి లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయింది. బియ్యం డబ్బాలోంచి తెల్ల గుడ్డ మూట తీసుకొచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఆదివారం దాకా చెప్పకూడదనుకుంటి. ఎట్లాగూ అడిగినావు గదా. ఇప్పు."

విప్పాడు. వెండి గిన్నె. కాడతో, పాదంతో, అరచేతిలో పట్టేంత. ఆరాధనలో ద్రాక్షరసం పోసి బల్ల మీద పెట్టే సంస్కారపు గిన్నె. కొత్త వెండి తళతళ మెరుస్తోంది. అంచు కింద ఎస్తేరు అని మూడు గుండ్రటి అక్షరాలు చెక్కి ఉన్నాయి.

"బాగుండాదా?" అంది సువార్త. "నా కడియాలు, పాప పట్టీలు కూడా ఏసినా. అట్లయితేనే ఇంత వచ్చింది. దేవేంద్రాచారి చేసిచ్చినాడు. బిళ్ళలు గీకి చూసి, మంచి ఎండి, కల్తీ తక్కువ అనె."

ఇమ్మానుయేల్ గిన్నె మీద నుంచి తలెత్తాడు. "కరిగించినారా?"

"కరిగించకుంటే గిన్నె ఎట్లయితాది?"

"అవి ఎండి కాదే, సువార్తా."

"ఎండే. ఆచారి చెప్పినాడంటే."

"వాటి మీద రాజులుండారే. పాప ఎనిమిదేండ్లు చూసిన మొకాలే అవి."

సువార్తకు అప్పుడు అర్థం కావడం మొదలైంది. "నువ్వే గదా అంటివి, ఏమన్నా చేసుకో అని" అంది, చిన్నగా.

అతను గిన్నెను చాటలోని కాయల మీద పెట్టాడు. విసిరేయలేదు, మెల్లగానే పెట్టాడు. గొంతు కూడా పెంచలేదు.

"బిడ్డను రెండోసారి పూడ్చినావు" అన్నాడు.

సువార్త గిన్నెను తీసి, పడిన మట్టి తుడిచి, మళ్ళీ గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది. ఇమ్మానుయేల్ చెప్పులు వేసుకుని బజారుకు నడిచాడు.

దేవేంద్రాచారి అంగడి పాత బస్టాండు వెనక సందులో ఉంది. అతన్ని చూడగానే ఆచారి కొలిమి ముందు నుంచి లేచి ముక్కాలి పీట జరిపాడు.

"ఒకటన్నా మిగిలిందా ఆచారీ? అరిగిపోయిందైనా సరే."

"లేదన్నా. పద్నాలుగూ ఒకటే మూసలో ఏసినా. పాత ఎండి, బిరీన కరిగె." ఆచారి నీళ్ళ చెంబు అందించాడు. "మొకాలు చూసినానన్నా. గడ్డాలు, కిరీటాలు. నాకే చెయ్యి ఆడలేదు. మీ ఇంటాయనకు తెలుసునా అని ఆయమ్మను రెండుసార్లు అడిగినా. ఆయప్పే ఏమన్నా చేసుకో అన్నాడు అనె."

ఇమ్మానుయేల్ తల ఊపాడు. ఆ మాట తనదే. దాన్ని ఇంకెవరి మీద పెట్టడానికీ లేదు.

"ఆయమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ అరుగు మీదే కూచున్నింది" అన్నాడు ఆచారి. "కడియాలు ఈడే తీసింది. కాళ్ళు వాచిండాయి, వచ్చినాయి కాదు. సబ్బు నీళ్ళు పోసి తీస్తిమి. తోలు లేచిపోయె. ఏంటికమ్మా ఇంత తిప్పలు అంటే చెప్పిందన్నా. మా ఇంటాయన కరెంటు ఆపకుండా పోలు ఎక్కినాడంట, కుళ్ళాయప్ప వచ్చి చెప్పి ఏడ్సినాడు, ఇంగ ఆయన బతకాలనుకోలేదు అనె. బిడ్డకు ఇష్టమైంది బల్ల మీదికి వస్తే, దానికోసమన్నా ఆయన చర్చికి వస్తాడు, వస్తే బతుకుతాడు అనె."

కొలిమిలో బొగ్గు చిటపటలాడింది. ఆచారి ఇచ్చిన నీళ్ళు ఇమ్మానుయేల్ తాగలేదు. చెంబు కింద పెట్టి, మూస వంక చూశాడు. లోపల నల్లగా మాడిన మట్టి తప్ప ఏమీ లేదు.

ఇంటికి పోయి క్షమించమని అడగాలనుకున్నాడు. అడగలేకపోయాడు. సువార్త కాళ్ళ వంక చూశాడు. చీలమండల చుట్టూ రెండు తెల్లటి చారలు, వాటి మీద ఎండిన గాయాల చెక్కు. పదిహేను రోజులుగా ఆ కాళ్ళు తన ముందే తిరుగుతుంటే ఆ కడియాలు లేవని కూడా తను చూడలేదు. గురువారం, శుక్రవారం, శనివారం ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉన్నారు. మాటలు లేవు.

ఆదివారం పొద్దున సువార్త తెల్ల చీర కట్టుకుని చర్చికి పోయింది. పోయాక ఇమ్మానుయేల్ బియ్యం డబ్బా మూత తీసి చూశాడు. మూట అక్కడే ఉంది. ఆమె తీసుకుపోలేదు.

చాలాసేపు ఆ డబ్బా ముందు కూర్చున్నాడు. మూట విప్పి గిన్నెను చూశాడు. ఆ మెరుపులో ఎక్కడో పులిపిరి రాజు ఉన్నాడు, విలుకాడు ఉన్నాడు, అక్షరాలు రానివాడు గీసిన గీతలు ఉన్నాయి. సువార్త కడియాలున్నాయి. పిల్ల పట్టీలున్నాయి. ఏది ఎక్కడుందో ఇంక ఎవరూ విడదీయలేరు. అతను చొక్కా మార్చుకుని, మూట చంకలో పెట్టుకుని బయలుదేరాడు.

ప్రసంగం అయిపోయి సంస్కారానికి సిద్ధం చేస్తున్నారు. ఇమ్మానుయేల్ నడవ మధ్యనుంచి ముందుకు పోతుంటే జనం తిరిగి చూశారు. అతను ఎవరి వంకా చూడకుండా మూట విప్పి జాకబ్ అయ్యగారి చేతికి ఇచ్చాడు.

"ఇది నా భార్య చేయించింది అయ్యగారూ" అన్నాడు. "మా పాప పేరున."

అయ్యగారు గిన్నె మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ద్రాక్షరసం పోశారు. వరస వరసగా జనం ముందుకు వచ్చి మోకరించారు. ఆడవాళ్ళ వైపు సువార్త కదలలేదు. పక్కనున్న ముసలామె మోచేత్తో పొడిచినా లేవలేదు. చాప మీద చేతులు పెట్టుకుని, తప్పు చేసినదానిలా, నేలకేసి చూస్తోంది. ఆమె సంస్కారం తీసుకోకుండా ఉండటం ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఇమ్మానుయేల్ ఆమె దగ్గరికి పోయి వంగాడు.

"లెయ్ సువార్తా."

"నేను రాను. నువ్వు పో."

"నువ్వు రాకుంటే నేనూ తీసుకోను. లెయ్."

ఇద్దరూ పక్కపక్కనే మోకరించారు. అయ్యగారు ముందు సువార్త పెదవులకు గిన్నె అందించారు. తర్వాత అతనికి. అంచు చల్లగా తగిలింది. రసం తియ్యగా ఉంది. ఏదో ఒకటి అవుతుందని, గుండెలో ముడి విడిపోతుందని అతను లోలోపల అనుకున్నాడేమో, ఏమీ కాలేదు. ఎస్తేరు లేదు. బిళ్ళలు లేవు. మింగాడు. లేవకుండా అక్కడే ఉండిపోయాడు. సువార్త అతని జబ్బ కింద చెయ్యి వేసి లేపింది.

ఇంటికి వచ్చాక అతను మొదట చేసిన పని భరత్‌కుమార్‌కు ఫోన్ చేయడం.

"సార్, నేను ఆ పొద్దు అబద్ధం చెప్పినా. పాప పోయింది. ఈ రోజుకు ఏడాది."

అవతల ఆ పెద్దాయన "అయ్యో దేవరే" అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు. చివరికి, ఆ బిళ్ళ పంపిస్తాను, దుడ్లు వద్దు, ఉంచుకోండి అన్నాడు.

"వద్దు సార్" అన్నాడు ఇమ్మానుయేల్. "నాకు వాటిని చదవను రాదు. అంతా పాపనే. నేను ఊరికే పక్కన కూచుంటాంటి, అంతే."

మధ్యాహ్నం ఎండ వేపచెట్టు కింద చిన్న నీడ మిగిల్చింది. సువార్త కంచాలు కడిగి వచ్చి మంచం మీద అతని పక్కన కూర్చుంది. చేతిలో గాజుల పెట్టె ఉంది.

"ఆచారి ఇవి పారేయబోయినాడు" అంది. "పాప రాత గదా అని నేనే తెచ్చుకుంటి. ఏం రాసిందో నాకు తెల్దు. సదువు."

ఇమ్మానుయేల్ మొదటి కవరు తీశాడు. నాలుగు రోజుల కిందట తను అన్న మాట ఇంకా ఇద్దరి మధ్యా ఉంది. "సువార్తా, నేను ఆ పొద్దు అన్నది..." అని మొదలుపెట్టాడు.

"అది తర్వాత" అంది ఆమె. "ముందు సదువు."

చదివాడు. "రెండో మిత్రదాత. పొడుగు గడ్డం. కొంచెం అరిగింది. మూడు పాయింట్ తొమ్మిది గ్రాములు." రెండోది. "ఒరోదేస్. పులిపిరి ఉంది. చంద్రవంక ఒకటే." మూడోది. "ఎవరో తెలీదు. భరత్ అంకుల్‌కీ తెలీదు. ముక్కు పెద్దది." ఇంకొకటి. "విలుకాడికి తల లేదు, కాళ్ళున్నాయి." ఇంకొకటి. "ఈ రాజు తండ్రిని చంపించాడట. మొహం చూస్తే మంచివాడిలా ఉన్నాడు." సువార్త ఒక్కో కవరునూ తీసుకుని, అక్షరాల మీద వేలితో తడిమి, ఒళ్ళో పెట్టుకుంటోంది. ముక్కు పెద్దది అన్నచోట నవ్వబోయి ఆగింది. పద్నాలుగూ అయిపోయాయి.

ఆమె అతని వంక చూడకుండా అడిగింది.

"నా గురించి యాడన్నా రాసిందా?"

ఇమ్మానుయేల్ కవర్లన్నీ మళ్ళీ తీసుకున్నాడు. ఒక్కొక్కటీ తిప్పి వెనక చూశాడు. మడతల లోపల చూశాడు. ఒక మాట కల్పించి చెప్పడం చాలా తేలిక. ఆమె చదవలేదు. అమ్మకు చూపించాలి అని రాసింది అంటే చాలు, ఆమె జన్మంతా దాన్ని దాచుకుంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చేతిలోని కాగితాల మీద కూతురి రాత, ఉన్నది ఉన్నట్లుగా, తెలియనిది తెలియదని రాసిన రాత. అతను ఆ మాట మింగేశాడు.

"లేదు సువార్తా" అన్నాడు. "నా గురించీ లేదు. అంతా రాజుల గురించే."

సువార్త తల ఊపింది. కన్నీళ్ళు కారి గడ్డం మీదికి వస్తే తుడుచుకోలేదు. ఇమ్మానుయేల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కాయలు వలిచి వలిచి బొటనవేలు చర్మం చీలిపోయి ఉంది.

"మళ్ళ సదువు" అంది ఆమె. "మెల్లగా సదువు ఈసారి. పేర్లు నాకు నోరు తిరగాల."

అతను కవర్లను వరసలో పెట్టుకుని మొదటిది తీశాడు. "మిత్రదాత" అన్నాడు.

"మిత్రదాత" అంది సువార్త.